ఫోన్ తీసేసి సిమ్ వేసే చిన్న ట్యాబ్ ఒక్కటే వాడొచ్చా?

ఎడమకాలువ రైతుబిడ్డ (వేములపల్లి): మా నాయినకు చూపు తగ్గింది. ఫోన్లో భూభారతి తెరిచి పొలం వివరాలు చూడాలన్నా, మిల్లు వాళ్లు వాట్సాప్‌లో పెట్టే ధాన్యం రేటు చదవాలన్నా పక్కింటి పిల్లగాణ్ణి పిలుస్తున్నాడు. ఎనిమిది అంగుళాల ట్యాబ్, సిమ్ పడేది, కొనిచ్చి ఫోన్ తీసేద్దామని నా ఆలోచన. రెండు సామాన్లు, రెండు రీచార్జులు ఆయన వల్ల కాదు. మా తమ్ముడేమో పలక పట్టుకుని తిరిగినట్టుంటుంది, వద్దంటున్నాడు. వాడినవాళ్లు చెప్పండి.

పాలమూరు మేస్త్రి: నిశ్చింతగా కొను తమ్మీ. నేను పుణెలో సెంట్రింగ్ పని చేయిస్తాను, నా దగ్గర ట్యాబ్ తప్ప వేరే ఫోన్ లేదు. ఇంజనీరు ప్లాన్ పీడీఎఫ్ పంపిస్తాడు. ఫోన్లో కొలత కనపడేటంత పెద్దది చేస్తే అది ఏ గదిదో తెలియదు. ట్యాబ్‌లో పిల్లర్‌కీ పిల్లర్‌కీ మధ్య దూరం, సీకు సైజు ఒక్క చూపులో దొరుకుతాయి. కూలీల హాజరూ అందులోనే. రాత్రి ఊళ్లో ఉన్న పిల్లలతో వీడియో కాల్ మాట్లాడితే అందరి ముఖాలూ నిండుగా కనిపిస్తాయి, దూరంలో ఉన్నోనికి అది చిన్న విషయం కాదు. మాట్లాడటానికి బ్లూటూత్ ఉంది. ఇదేం కొత్తా? 2010లో వచ్చిన సామ్‌సంగ్ మొదటి గెలాక్సీ ట్యాబ్ ఏడు అంగుళాలదే, అందులోనూ సిమ్ వేసి కాల్ చేసేవాళ్లు.

నకిరేకల్ టీచరమ్మ: అన్నా, మీ పనికి అది కుదిరింది. తమ్ముడు అడుగుతున్నది పొలంలో తిరిగే పెద్దాయన గురించి. మా మామయ్యకు మేం ఇలాగే ఒక్క ట్యాబే ఇచ్చాం. జేబులో పట్టదు కాబట్టి సంచిలో పెట్టి, గట్టు మీద వేపచెట్టుకు తగిలించి మడిలోకి దిగేవాడు. ఓ రోజు బురదలో జారి కాలు బెణికింది. లేవలేడు, సంచి అందదు. పక్క పొలం వాళ్లు చూసేదాకా అలాగే కూర్చున్నాడు. ఫోన్ ఉన్నదే అలాంటప్పటి కోసం.

ఇంకో మాట. సిమ్ పడుతుంది అంటే కాల్ పోతుందని కాదు. ఐప్యాడ్ మినీలో సిమ్ నెట్‌కే, మామూలు కాల్ పోదు. జియోకు 2జీ, 3జీ లేవు, ట్యాబ్‌లో వోల్టీ, అంటే 4జీ నెట్ మీదే కాల్ పోయే ఏర్పాటు, ఉంటేనే దాని మీద మాట్లాడగలం. చాలా ట్యాబ్‌లకు చెవి దగ్గరి స్పీకర్ ఉండదు, అప్పుల ముచ్చటైనా డాక్టర్ చెప్పే రిపోర్టైనా కల్లంలో ఉన్నవాళ్లంతా వింటారు. ఇక యూపీఐకి బ్యాంకు నంబర్ సిమ్ అందులోనే ఉండాలి, ఆ సిమ్ నుంచే బ్యాంకుకు మెసేజ్ పోతుంది. ట్యాబ్ ఇంట్లో పెట్టి ఎరువుల షాపుకు పోతే డబ్బూ ఇంట్లోనే, ఓటీపీ కూడా ఇంట్లోనే.

అచ్చంపేట ఆటో: మ్యాప్ బాగా కనపడుతుందని ట్యాబ్ బిగించి చూశా. గుంతల రోడ్డు మీద ఏ స్టాండూ దాన్ని ఆపలేదు. టీచరమ్మదే కరెక్ట్.

ఎడమకాలువ రైతుబిడ్డ: అక్కా, మరి చదవలేని బాధ ఎట్లా తీరాలి? 6.7 అంగుళాల ఫోన్ కూడా ఇచ్చి చూశాం. పొడుగే పెరిగింది, వెడల్పు పెద్దగా పెరగలేదు. అక్షరం పెద్దది చేస్తే లైనుకు మూడు మాటలే పడుతున్నాయి.

నకిరేకల్ టీచరమ్మ: ట్యాబ్ కొను, కానీ ఫోన్ తీసేయకు. బ్యాంకు నంబర్ సిమ్ కీప్యాడ్ ఫోన్లో వేసి జేబులో పెట్టు. మేం అదే నంబర్‌తో ట్యాబ్‌లో వాట్సాప్ పెట్టాం, కోడ్ కీప్యాడ్‌కు వచ్చింది. ట్యాబ్‌కు ఇంట్లో వైఫై గానీ మీ అమ్మ ఫోన్ హాట్‌స్పాట్ గానీ చాలు, రెండో రీచార్జ్ అక్కర్లేదు. డబ్బు పంపడానికి 2022 నుంచి కీప్యాడ్ ఫోన్లకు యూపీఐ 123పే ఉంది. మామయ్య ఇప్పుడు ఇలాగే వాడుతున్నాడు.

పాలమూరు మేస్త్రి: పొలంలో దిగే మనిషికి జేబులో ఫోన్ ఉండాలి, ఒప్పుకుంటా. అయినా సిమ్ పడే ట్యాబే తీసుకో తమ్మీ, కీప్యాడ్ చెడిపోయిన రోజు ఆదుకుంటుంది. షాపులోనే మీ నాయిన సిమ్ అందులో వేసి, కాల్ కలిసి, ఆయన చెవికి వినపడిన తర్వాతే డబ్బులియ్యి.

ఎడమకాలువ రైతుబిడ్డ: అట్లనే చేస్తా అన్నా. నాయినను వెంట తీసుకునే మిర్యాలగూడ పోతా. అక్కా, ఆయనది నానో సిమ్, కీప్యాడ్‌లో పడుతుందా?

నకిరేకల్ టీచరమ్మ: కొన్నింటిలో పెద్ద సిమ్ సైజే ఉంటుంది. అప్పుడు ప్లాస్టిక్ అడాప్టర్‌లో పెట్టి వేయాలి, మొబైల్ షాపులో దొరుకుతుంది. తీసేటప్పుడు మెల్లగా తీయి, స్లాట్‌లో పిన్నులు వంగుతాయి.