టెక్స్ట్ ఫైల్‌ను స్టోర్డ్ ప్రొసీజర్‌తో టేబుల్‌లోకి ఎక్కించడంలో ఇబ్బంది, కాస్త సాయం చేయండి

అందరికీ నమస్కారం. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 (మైక్రోసాఫ్ట్ డేటాబేస్) వాడుతున్నాను. రోజూ రాత్రి ఒక టెక్స్ట్ ఫైల్ వస్తుంది, కాలమ్‌ల మధ్య పైప్ గుర్తు, సుమారు 2 లక్షల వరుసలు. ఫైల్ పేరులో తేదీ ఉంటుంది కాబట్టి రోజూ మారుతుంది, బల్క్ ఇన్సర్ట్‌లో (ఫైల్ మొత్తాన్ని ఒకేసారి టేబుల్‌లోకి ఎక్కించే కమాండ్) ఫైల్ పేరు దగ్గర వేరియబుల్ ఇస్తే ఒప్పుకోదు కదా, అందుకని స్టోర్డ్ ప్రొసీజర్‌లో (డేటాబేస్‌లోనే దాచి పెట్టుకునే కోడ్) మొత్తం స్టేట్‌మెంట్‌ను స్ట్రింగ్‌గా కట్టి ఎస్‌పీ_ఎగ్జిక్యూట్‌ఎస్‌క్యూఎల్‌తో నడుపుతున్నాను.

ఫైల్ సర్వర్ డిస్క్ మీదే ఉంటే బాగానే ఎక్కుతోంది. షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి నా సిస్టమ్ నుంచి విండోస్ లాగిన్‌తో నడిపితే మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ ఎర్రర్ 5, యాక్సెస్ డినైడ్. ఆ ఫోల్డర్‌కు నాకు పర్మిషన్ ఉంది! విచిత్రం ఏంటంటే ఎస్‌క్యూఎల్ లాగిన్‌తో (డేటాబేస్ సొంత యూజర్‌నేమ్, పాస్‌వర్డ్) నడిపితే అదే ఫైల్ ఎక్కుతోంది. డెలిగేషన్ (సర్వర్ నా పేరు మీద ఆ ఫోల్డర్ తెరిచేలా అనుమతి) సెట్ చేయాలా, వేరే దారి ఉందా?

ఇంకొకటి, ఫైల్ యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలు దాచే ఎన్‌కోడింగ్) ఉంది, తెలుగు పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా పడుతున్నాయి. కాలమ్ ఎన్‌వర్చార్‌గానే (యూనికోడ్ అక్షరాలు పట్టే రకం) పెట్టాను. బల్క్ ఇన్సర్ట్‌లో కోడ్‌పేజ్ 65001 (యూటీఎఫ్-8కి ఉన్న నంబర్) ఇస్తే సరిపోతుందా? మనుషుల పేర్లు అలా పాడవుతుంటే చూడలేకపోతున్నాను. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, సోమవారం లోపు ఇది నడవాలి, చాలా టెన్షన్‌గా ఉంది.