ధాన్యం కొనుగోలు నుంచి ప్రభుత్వం తప్పుకోవాలా?

కాలువగట్టు:
నా ఓటు తప్పుకోవాలనే. 2025–26కి కామన్ రకం మద్దతు ధర క్వింటాకు రూ.2,369. మన 75 కిలోల బస్తాకు 1,776 చిల్లర. పక్కనున్న రొయ్యల చెరువుకి మద్దతు ధరా లేదు, కొనుగోలు కేంద్రమూ లేదు. అయినా శివారు పొలాలన్నీ చెరువులైపోతున్నాయి. రైతు తేల్చేశాడు కదండీ! పైగా 2008లో బాస్మతి కాని బియ్యం ఎగుమతులు ఆపేసి, 2011 సెప్టెంబరుకి గానీ వదల్లేదు. ఆ 2011 సార్వాకే (ఖరీఫ్) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సాగు మానేశారు.

చెరువు మనిషి, భీమవరం:
రొయ్యని స్వేచ్ఛా మార్కెట్ అంటే నవ్వొస్తోందండి. 90ల్లో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యని ఊడ్చిపెట్టేసింది. తర్వాత 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతిచ్చారు. దాని తల్లి రొయ్యలు విదేశాల నుంచి వచ్చి, చెన్నైలో క్వారంటైన్ దాటాకే రొయ్య పిల్లల్ని తీసే హేచరీకి చేరాలి. ఆ కట్టడి తీసేస్తే మా చెరువులు ఎన్నాళ్లుంటాయి? రేటుకి మాత్రం కట్టడి లేదు, నిజమే. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు మా సరుకు కొనే ఏజెంటు ఫోనే ఎత్తలేదు. రేటొచ్చేదాకా మేత మానమంటే రొయ్య మానదు కదా.

కౌలు రైతు కొడుకు:
మాది మూడెకరాల కౌలు. సార్వా ధాన్యం కళ్లంలో ఉండగా తుపాను అన్నారు. రెండు రోజులు బరకాలు కప్పుతూ తీస్తూ ఆరబెట్టాం. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం చూపించింది, అంటే నిబంధన లోపలే. అదే ధాన్యం మిల్లు గేటు దగ్గర 20! బస్తాకి మూడు కిలోల తరుగుకి (తూకంలో కోతకి) ఒప్పుకుంటే దించుకుంటాం, లేదంటే వెనక్కి తీసుకెళ్లండన్నారు. ట్రాక్టరు కిరాయి పెరుగుతోంది, చినుకులు మొదలయ్యాయి. నాన్న నా వైపు చూడకుండానే తలూపాడు.

ఇప్పుడు చెప్పండి, నియంత్రణ ఎక్కువైందా, తక్కువైందా? ధరని ఢిల్లీలో కట్టేశారు, తేమ మీటరుని మిల్లు గేటు దగ్గర వదిలేశారు. ప్రభుత్వం తప్పుకుంటే ఆ ధర కూడా గేటు దగ్గరే తేలుతుంది.

మిల్లు గుమస్తా (రిటైర్డ్):
మిల్లర్ని తిట్టడం సులువు బాబూ. లెవీ రోజుల్లో ఆడిన బియ్యంలో 75 శాతం ఎఫ్‌సీఐకి (భారత ఆహార సంస్థకి) ఇస్తేనే మిగతా పాతిక బయట అమ్ముకోనిచ్చేవారు. గోదాముల్లో చోటు లేదంటే మా లారీలు రోడ్డు మీదే, ఇక కొత్త ధాన్యం ఎలా కొంటాం? 2015 అక్టోబరులో లెవీ పోయింది. ఇప్పుడు ప్రభుత్వ ధాన్యం ఆడితే క్వింటాకి 67 కిలోల బియ్యం అప్పజెప్పాలి. దాళ్వా (రబీ) ధాన్యం ఎండకి పగిలి నూకే ఎక్కువొస్తుంది. ఆ లోటు తరుగులో లాగుతారు. తప్పే, కాదనను.

కాలువగట్టు:
మీటరు సంగతి ఒప్పుకుంటున్నా తమ్ముడూ. ఎగుమతుల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. 2023 జూలైలో తెల్ల బియ్యం మళ్లీ ఆపి, 2024 సెప్టెంబరులో వదిలారు. నాలుగు డబ్బులొచ్చే రోజున తలుపేసేది ఆ ప్రభుత్వమే కదా?

కౌలు రైతు కొడుకు:
అది నిజమే అన్నయ్యా. కేంద్రంలో కొలిచిన తేమే మిల్లులోనూ చెల్లేలా చీటీ ఇవ్వాలని మీరు అడగండి. ఎగుమతులు ఆపొద్దని మీతోపాటు నేనూ అడుగుతా. తప్పుకోమని మాత్రం అనను.