మోకీలు మార్పిడి తర్వాత యాంటీబయాటిక్ ఎన్ని రోజులు?

పెద్దకొడుకు: అమ్మకు మోకీలు మార్పిడి చేయాలి. ఆపరేషన్‌కు ముందు ఒక ఇంజెక్షన్, తర్వాత ఒకరోజు వరకే, ఇంటికి మాత్రలేవీ ఉండవని డాక్టరుగారు చెప్పారు. చిన్న గాయానికే ఐదు రోజుల మందులు రాస్తారే! లోపల లోహం పెట్టి ఒక్కరోజుతో సరిపెడతారా?

సందేహి: నా అనుమానమూ అదే. లోహానికి రక్తప్రసరణ ఉండదు. బ్యాక్టీరియా దాని మీద పొర కట్టుకుని కూర్చుంటే మందు సరిగా పనిచేయదు, చివరికి పెట్టిన కీలునే తీసేయాల్సి రావచ్చు. వారం రోజులు మాత్రలు మింగితే పోయేదేముంది?

ఓటీ నర్సు: పోయేది ఉంది. పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే చెడ్డ బ్యాక్టీరియా పెరిగి విరేచనాలు పట్టుకుంటే పెద్దవయసువారికి ప్రాణం మీదికి వస్తుంది. మందులకు లొంగని బ్యాక్టీరియా సంగతి సరేసరి.

అయినా మీరంతా రోజులు లెక్కపెడుతున్నారు గానీ, కోత పెట్టే వేళకు కణజాలంలో మందు ఉందా లేదా అన్నది ఎవరూ అడగరు. మామూలుగా ఇచ్చే యాంటీబయాటిక్ సెఫజోలిన్ అయితే కోతకు ముందు గంటలోపు 2 గ్రాములు, బరువు 120 కిలోలు, ఆపైన ఉంటే 3 గ్రాములు. తొడకు టూర్నికే, అంటే రక్తం ఆపే పట్టీ, బిగించాక ఇస్తే మోకాలికి చేరదు, అంతకుముందే మొత్తం ఎక్కాలి. ఆపరేషన్ 4 గంటలు దాటితే మళ్లీ డోసు. వాంకోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ నెమ్మదిగా ఎక్కించాల్సిన మందు, ఇంకా ముందే మొదలుపెట్టాలి. రోగిని బల్ల మీద పడుకోబెట్టాక సీసా కోసం వెతికే చోట పది రోజుల మాత్రలు రాసి ఏం లాభం?

సందేహి: సమయం సంగతి ఒప్పుకుంటాను. కానీ 2018లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, మధుమేహం, ఊబకాయం లాంటివి ఉన్నవారికి 7 రోజుల మాత్రలిస్తే ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి కదా?

ఎముకల వార్డు: అది పాత రికార్డులు తిరగేసి చేసింది. చీటీలు వేసినట్టు రోగులను రెండు వర్గాలుగా విడదీసి చూసింది కాదు. ఆపరేషన్ ముగిశాక నివారణ మందు పొడిగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే సూచించింది. చాలామంది సర్జన్లు 24 గంటల వరకు ఇస్తారు, దానికి నాకు పట్టింపు లేదు. అన్నట్టు, అమ్మగారి కాగితాల్లో పెన్సిలిన్ పడదని ఏమైనా ఉందా?

పెద్దకొడుకు: ఉందండీ! చిన్నప్పుడు దద్దుర్లు వచ్చాయట.

ఎముకల వార్డు: మత్తు డాక్టరుకు ఇప్పుడే చెప్పండి. అలా రాసి ఉన్నవారిలో ఎక్కువమందికి పరీక్షిస్తే అలర్జీ ఉండదు. ఆ ఒక్క మాటతో, పెన్సిలిన్‌కు బంధువని సెఫజోలిన్ మానేసి వేరే మందుకు పోతే ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.

సందేహి: షుగరు అదుపులో లేనివారికి వారం ఇవ్వాలన్న మాట మాత్రం నేను వదలను.

ఓటీ నర్సు: అదుపులో లేకపోతే ముందు ఆపరేషన్ వాయిదా వేయాలండీ. పెద్దకొడుకుగారూ, అమ్మగారికి హెచ్‌బిఎ1సి, అదే మూడు నెలల సగటు షుగరు పరీక్ష, ఎప్పుడు చేయించారు?