లోగీస్‌లో మన ఓటు నిజంగా లెక్కలోకి వస్తుందా?

టార్నీట్ వాసు:

నవ్వకండి, సీరియస్‌గానే అడుగుతున్నా. లోగీస్ అంటే ఇక్కడ ఆస్ట్రేలియాలో ఇచ్చే టీవీ అవార్డులు. వాటిలో పెద్దది గోల్డ్ లోగీ, దానికి జనం ఓటేస్తారు.

మా అమ్మ మేలో వచ్చింది, విజిటర్ వీసా మీద. పగలంతా మేమిద్దరం ఆఫీసుల్లో, పిల్లాడు కిండర్‌లో. చలికి బయట కాలు పెట్టదు. ఒకరోజు సాయంత్రం ఏడింటికి ఛానెల్ సెవెన్ పెడితే హోమ్ అండ్ అవే సీరియల్ వస్తోంది. ఇక అంతే. ఇంగ్లీషు సగం అర్థం కాదు, అయినా వారం తిరక్కుండా అందులో ఎవరు ఎవరికి ఏమవుతారో నాకే చెప్పడం మొదలుపెట్టింది. ఆల్ఫ్ ఏమో "ఆ కోపిష్టి పెద్దాయన". ఐరీన్ మాత్రం "మన ఐరీన్". డైనర్‌లో నిలబడి అందరి కష్టాలూ వింటుంది కదా, అచ్చం మా మేనత్తేనట.

మా ఆఫీసులో లోగీస్ ఓటింగ్ గురించి మాట్లాడుకుంటుంటే విని, ఇంటికొచ్చి ఊరికే ఆ మాట అన్నా. పట్టుకుంది. "నా చేత కూడా వేయించరా." నా ఈమెయిల్‌తోనే పేజీ తెరిచి ఫోన్ చేతికిచ్చా. కళ్ళజోడు సర్దుకుని, ఐరీన్ ఫోటో మీద వేలు పెట్టి తీయదే! ఈవీఎంలో బీప్ వచ్చేదాకా నొక్కి పట్టుకునే అలవాటు. "అమ్మా, ఒక్కసారి తాకితే చాలు" అంటే, "నువ్వుండరా, పడిందో లేదో" అంటుంది.

2025 ఆగస్టు 3 ఆదివారం. గోల్డ్ లోగీ చిట్టచివర గానీ ఇవ్వరు. నేను సోఫాలోనే నిద్రపోయా. ఐరీన్ వేషం వేసిన లిన్ మెక్‌గ్రాంజర్ పేరు పిలవగానే నన్ను తట్టి లేపింది. "చూశావా, మనం వేశాం, గెలిచింది." ఆ మర్నాటి నుంచి ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా ఇదే కథ.

ఇప్పుడు నా అనుమానం. ఈ అవార్డుల్ని ప్రసారం చేసింది సెవెన్. గెలిచింది సెవెన్ మనిషి. వెనక్కి వెళ్ళి చూస్తే 2023లో సోనియా క్రూగర్, 2024లో లారీ ఎమ్‌డర్, వాళ్ళూ సెవెన్ వాళ్ళే. ఇది జనం ఓటేనా, లేక ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళకి ఇచ్చుకునేదా? అమ్మతో ఈ మాట అనే ధైర్యం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

బిగ్‌బాస్ బాధితుడు:

బ్రో, ఓటింగ్ అన్నచోట ప్రచారం లేకుండా ఉంటుందా? మా బాబాయ్ కొడుకు బిగ్‌బాస్ తెలుగు నడిచినన్నాళ్ళూ ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ముందేసుకుని కూర్చునేవాడు. హాట్‌స్టార్‌లో ఓట్లు, పైన మిస్డ్ కాల్స్. నానమ్మ ఫోన్ కూడా వదల్లేదు.

ఇక్కడా తక్కువేం కాదు. 2018లో గోల్డ్ గెలిచిన గ్రాంట్ డెన్యర్ షో ఫ్యామిలీ ఫ్యూడ్‌ని అప్పటికే ఆపేశారు. ఏబీసీ ఛానెల్లో టామ్ గ్లీసన్ అనే కమెడియన్ సరదాకి ఆయన తరఫున ప్రచారం మొదలుపెట్టాడు, జనం వేసేశారు. మరుసటేడు అదే గ్లీసన్ తనకి తనే ప్రచారం చేసుకుని తనే పట్టుకుపోయాడు. అవార్డుని ఎగతాళి చేశాడని తిట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ఇక మీ అమ్మగారి ఓటంటావా, పడే ఉంటుంది. కంగారుపడకు.

క్లేటన్ పాతకాపు:

వాసూ, నేను ఈ దేశానికి 1998లో వచ్చినదాన్ని. కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టు.

ముందు నీ అనుమానం సంగతి. 1996 నుంచి 2022 దాకా లోగీస్ వచ్చింది ఛానెల్ నైన్‌లో. నీ లెక్క ప్రకారం అన్నేళ్ళూ నైన్ వాళ్ళే గెలవాలి కదా? 2015లో క్యారీ బిక్‌మోర్, 2016లో వలీద్ అలీ, 2018లో డెన్యర్: ముగ్గురూ ఛానెల్ టెన్ వాళ్ళు. 2007, 2008లో కేట్ రిచీ, 2010లో మీ అమ్మగారి "కోపిష్టి పెద్దాయన" రే మీహర్: హోమ్ అండ్ అవే, అంటే సెవెన్. 2019లో గ్లీసన్, ఏబీసీ. నైన్ వాళ్ళు వేడుక చూపించి, పక్క ఛానెళ్ళ వాళ్ళకి చప్పట్లు కొట్టిన సంవత్సరాలు బోలెడు. చూపించే ఛానెల్ తన వాళ్ళ గురించి నాలుగు ప్రోమోలు ఎక్కువ వేసుకుంటుంది, కాదనను. దానికే గెలుపు రాదు.

మరెలా వస్తుందంటే, రోజూ ఇంట్లోకి వచ్చే మొహానికి వస్తుంది. టీవీ యాంకర్ రే మార్టిన్ అయిదు గోల్డ్‌లు కొట్టింది వారమంతా కనిపించే షోలతోనే. ఎంతమంది చూశారన్నది రేటింగ్స్ వాళ్ళ లెక్క. చూసి, లేచి, పనిగట్టుకుని ఓటేసేంత ఇష్టం ఎంతమందికి ఉందన్నది లోగీ లెక్క. ఈ రెండూ ఒకటి కావు. అందుకే షో ఆగిపోయినవాడు కూడా గెలవగలిగాడు. నటన ఎలా ఉందో బేరీజు వేయడానికి పరిశ్రమ వాళ్ళ జ్యూరీ ఇచ్చే అవార్డులు చాలా ఏళ్ళు వేరేగా ఉండేవి.

ఆ పనిగట్టుకోవడం అంటే ఏమిటో నేను దగ్గర్నుంచి చూశాను. వచ్చిన కొత్తలో ఒక ఏజ్డ్ కేర్ హోమ్‌లో పనిచేసేదాన్ని. అప్పట్లో ఓటంటే టీవీ వీక్ పత్రికలో కూపన్. కత్తిరించి, పేర్లు రాసి, కవర్లో పెట్టి పోస్ట్ చేయాలి. స్టాంపు 45 సెంట్లు. మా దగ్గర ఒక పెద్దావిడ ఉండేది, పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. బ్లూ హీలర్స్ సీరియల్లో పోలీసు పిల్ల మ్యాగీ అంటే ప్రాణం, ఆ వేషం లిసా మెక్యూన్‌ది. 2000 సంవత్సరం కూపన్ వచ్చింది. నేను రాసిపెడతానంటే ససేమిరా ఒప్పుకోలేదు. ట్రే మీద కూపన్ జరక్కుండా నన్ను రెండువైపులా వేళ్ళతో అదిమి పట్టుకోమంది. ఎడమచేత్తో ఎల్ రాసింది. ఆగింది. ఐ రాసింది. చివరి రెండక్షరాలు గడి దాటి కిందికి జారిపోయాయి. "చెల్లుతుందా?" అని నా మొహంలోకి చూసింది. టీ చల్లారిపోయింది, పక్క గదిలో బెల్ మోగుతోంది, నేను కదల్లేదు. డ్యూటీ దిగి వెళ్తూ ఎర్ర డబ్బాలో వేశాను.

ఇక ఐరీన్‌కి సీరియల్‌లో అల్జీమర్స్ పెట్టారు కదా. అలాంటివాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పనిచేశాను, నాకే గొంతు పట్టేసింది. 33 ఏళ్ళు అదే వేషం! ఇంట్లో మనిషి దూరమవుతున్నట్టు అనిపించి ఓటేసినవాళ్ళు ఎందరో. అందులో మీ అమ్మగారూ ఒకరు.

అన్నట్టు ఈ లోగీ అనే పేరు టీవీ కనిపెట్టిన జాన్ లోగీ బేర్డ్ పేరులోంచి గ్రాహం కెనెడీ లాగి పెట్టాడు. 1959లో మొదలైన అవార్డులు ఇవి. 1976లో నార్మన్ గన్‌స్టన్ అనే ఆయన గోల్డ్ గెలిచాడు. అలాంటి మనిషే లేడు, అది గ్యారీ మెక్‌డోనల్డ్ వేసిన కామెడీ వేషం! జనం ఎవరికి వేయాలనుకుంటే వాళ్ళకి వేస్తారు.

గ్లెన్ వేవర్లీ శ్రీ:

అక్క వలీద్ అలీ పేరు ఎత్తారు కాబట్టి ఒక్క ముక్క. 2016లో గోల్డ్ నామినేషన్లలో మనలాగే వలస మూలాలున్న ఆయన, ఎస్‌బీఎస్ ఛానెల్ లీ లిన్ చిన్ ఇద్దరూ ఉన్నారు. గెలిచాక వేదిక మీద, ముస్తఫా అనే తన సొంత పేరుతో వేషాలు దొరకవన్న ఒక నటుడి సంగతి చెప్పాడు. నేను అప్పుడు నిలబడి ఇస్త్రీ చేసుకుంటున్నా. చొక్కా కాల్చుకున్నా. నా అసలు పేరు శ్రీనివాస వరప్రసాద్, ఆఫీసులో "శ్రీ", కాఫీ కప్పు మీద "స్టీవ్". ప్రతి ఏడూ ఓటేస్తున్నా అప్పట్నుంచి. ఈసారి మాస్టర్‌షెఫ్ జడ్జి పో లింగ్ యోకి వేశా. వాసూ, మీ అమ్మగారి చేతిలో ఓడిపోయా.

టార్నీట్ వాసు:

శ్రీ గారూ, చొక్కా కాలిన సంగతి విని మా ఆవిడ ఇంకా నవ్వుతోంది.

అక్కా, నైన్ లెక్క చూశాక నా అనుమానం తీరింది. మీరు రాసింది అమ్మకి చదివి వినిపించా. రే మార్టిన్, రేటింగ్స్ అన్నప్పుడు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూనే ఉంది. కూపన్ దగ్గరికి రాగానే చెయ్యి ఆగింది. అంతా విని ఒకటే ప్రశ్న వేసింది: "మరి ఆవిడ వేసినావిడ గెలిచిందా?" మీరు చెప్పలేదు.

క్లేటన్ పాతకాపు:

అయ్యో, అసలు ముక్క మరిచిపోయాను. గెలిచింది. 1997 నుంచి వరసగా గెలుస్తోంది, అది నాలుగోది. ఆ పెద్దావిడ మాత్రలు వేసుకుని ముందే నిద్రపోయింది. పొద్దున టీ పట్టుకెళ్ళి చెబితే ఆశ్చర్యపోనేలేదు.

"తెలుసు, నేను పోస్ట్ చేయించానుగా" అంది.