‘5 సెకన్లలో’నా, ‘5వ సెకనులో’నా?

ప్రశ్న:

మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, తెలుగు మీడియం. వాడి పుస్తకంలో రెండు లెక్కలు పక్కపక్కనే ఉన్నాయి. నిశ్చల స్థితి నుంచి బయలుదేరిన వస్తువు 2 మీ/సె² సమత్వరణంతో, అంటే వేగం ప్రతి సెకనుకూ 2 మీ/సె చొప్పున పెరుగుతూ వెళ్తుంటే 5 సెకన్లలో ప్రయాణించే దూరమెంత అని ఒకటి. అదే వస్తువు 5వ సెకనులో ప్రయాణించే దూరమెంత అని రెండోది. రెండింటికీ 25 మీటర్లే వేశాడు. ‘వ’ ఒక్కటే కదా తేడా, అర్థం ఒకటే అంటున్నాడు. తెలుగులో వాడికి ఎలా విడమరిచి చెప్పాలి?

జవాబు:

ఆ ‘వ’ లేకపోతే జవాబు 25 మీటర్లు, ఉంటే 9 మీటర్లు. అంత తేడా ఉందండీ. ముందు వచనం చూడమనండి. ‘సెకన్లలో’ బహువచనం, అంటే అయిదు సెకన్లూ కలిపి. ‘సెకనులో’ ఏకవచనం. అడుగుతున్నది ఒకే ఒక్క సెకను సంగతి, అది వరసలో అయిదోది.

ఈ తేడా మన మాటల్లో ఎప్పటినుంచో ఉంది. ‘అమ్మాయికి అయిదో నెల’ అంటే అయిదు నెలలూ నిండిపోయాయని ఇంట్లో ఎవరూ అనుకోరు. నాలుగు నిండి అయిదోది నడుస్తోందనే అర్థం. అందుకే పెద్దవాళ్లు ‘నిండాయా, పడిందా?’ అని విడదీసి అడుగుతారు. 5వ సెకను కూడా అంతే. 4 సెకన్లు నిండగానే మొదలవుతుంది, 5 నిండేసరికి అయిపోతుంది.

ఇక లెక్క తేలిక. తొలి వేగం సున్నా కాబట్టి దూరం అంటే త్వరణంలో సగాన్ని కాలవర్గంతో గుణించడమే. 5 సెకన్లలో 25 మీటర్లు, 4 సెకన్లలో 16 మీటర్లు. 25లోంచి 16 తీసేస్తే 9. అబ్బాయికి సూత్రం ఇవ్వకముందే ఈ తీసివేత చేయించండి. ఒకసారి చేత్తో చేస్తే ‘వ’ని మళ్లీ వదిలేయడు.

సూత్రం మాత్రం ఇది: ఎన్‌వ సెకనులో దూరం = తొలి వేగం + త్వరణం × (ఎన్ − ½). ఆ అర ఎక్కడినుంచి వచ్చిందో చెప్పకుండా బట్టీ పట్టించడం నాకు అస్సలు నచ్చదు. 4 సెకన్లు నిండేసరికి మన వస్తువు వేగం 8 మీ/సె, 5 నిండేసరికి 10. త్వరణం మారదు కాబట్టి ఆ సెకనంతటికీ సరాసరి వేగం 9. సరిగ్గా నాలుగున్నర సెకన్ల దగ్గర ఉండే వేగమూ అదే. అయిదులోంచి అర తీసేయడమంటే అయిదో సెకను నడిమధ్యకు వెళ్లి నిలబడడం.

ఒక్కో సెకనుకూ విడివిడిగా వేసి చూడమనండి. 1, 3, 5, 7, 9 మీటర్లు వస్తాయి, అన్నీ బేసి సంఖ్యలే. త్వరణం మరొకటైతే అంకెలు మారతాయి గానీ, నిశ్చల స్థితి నుంచి బయలుదేరినంత కాలం నిష్పత్తి మారదు. ఇది గెలీలియో పట్టుకున్న వరస. 1638లో లైడెన్‌లో అచ్చయిన పుస్తకంలో ఉంది. వాలుగా పెట్టిన చెక్క గాడిలో కంచు గుండును దొర్లించి, పాత్రలోంచి సన్నని ధారగా కారిన నీళ్లను తూచి ఆయన కాలం కొలిచాడు. సెకను ముల్లున్న గడియారం కూడా లేకుండా!

పనిలో పనిగా ఇంకొక మాట. కొన్ని గైడ్లలో ‘5వ సెకను వద్ద వేగం’ అని రాస్తున్నారు. ఇది తప్పనే నా అభిప్రాయం. ‘వద్ద’ అనాలంటే అది ఒక క్షణమై ఉండాలి. 5వ సెకనుకు మొదలూ చివరా ఉన్నాయి. మొదట్లో వేగం 8, చివర 10, పిల్లవాడు ఏది వెయ్యాలి? ‘5 సెకన్లు పూర్తయ్యేసరికి’ అంటే ఏ గొడవా లేదు. అలాగే ‘5 సెకన్లలో’ అనే చోట ‘మొదటి 5 సెకన్లలో’ అని రాస్తే ఇంకా మంచిది. ఎందుకంటే ‘తర్వాతి 5 సెకన్లలో’ అని కూడా అడుగుతారు, దానికి జవాబు 75 మీటర్లు.

మరొకరు:

సూత్రంలో ఎడమవైపు దూరం, కుడివైపు చూస్తే వేగం. ప్రమాణాలు కుదరడం లేదు కదా మాస్టారూ?

జవాబు:

మంచి ప్రశ్న. ‘సెకనులో’ అన్న ఏకవచనంలోనే దానికి జవాబుంది. ఆ సరాసరి వేగాన్ని 1 సెకనుతో గుణించాం. ఒకటితో గుణిస్తే అంకె మారదు కాబట్టి పైకి రాయరు, అంతే. ‘5వ నిమిషంలో’ అని అడిగితే ఈ సూత్రాన్ని సెకన్లతో ఇలాగే వాడకూడదు.

మరొకరు:

పైకి విసిరిన బంతికి కూడా ఇదే సూత్రమా?

జవాబు:

ఇదే, కానీ అక్కడ ‘దూరం’ అన్న మాట మోసం చేస్తుంది. బంతిని 25 మీ/సె వేగంతో నిట్టనిలువుగా విసిరారనుకోండి. గురుత్వ త్వరణం 10 అనుకుని, అది కిందికి లాగుతుంది కాబట్టి −10గా వేస్తే 3వ సెకనుకు సూత్రం సున్నా చూపిస్తుంది. బంతి ఆ సెకనులో కదలకుండా ఏమీ లేదు. 2 సెకన్లప్పుడు 30 మీటర్ల ఎత్తులో ఉంది. రెండున్నర దగ్గర 31.25 మీటర్లకు చేరి వెనక్కి తిరిగింది. 3 సెకన్లప్పటికి మళ్లీ 30కే వచ్చింది. నడిచిన దూరం రెండున్నర మీటర్లు, స్థానభ్రంశం, అంటే మొదటి చోటు నుంచి చివరి చోటుకు వచ్చిన మార్పు, సున్నా. సూత్రం ఇచ్చేది స్థానభ్రంశాన్నే. వస్తువు వెనక్కి తిరిగే లెక్క అయితే తిరిగే క్షణం దగ్గర సెకనును రెండు ముక్కలు చేసి, విడివిడిగా వేసి కలుపుకోవాలి.