‘విశ్వాసమువలననే’లో ఆ ‘నే’

— పొద్దుట్నుంచి ఒక వాక్యం వదలడం లేదు: “...విశ్వాసమువలననే మనుష్యులు నీతిమంతులుగా తీర్చబడుచున్నారని యెంచుచున్నాము.” ముందు ముక్క గుర్తు రావట్లేదు. ఆ ‘నే’ నిజంగా ఉందా? ఉంటే ‘మాత్రమే’ అనే అర్థమేనా?

— బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక, 3:28. ముందున్నది “ధర్మశాస్త్ర క్రియలు లేకుండ”, అంటే మోషే ధర్మశాస్త్రం చెప్పిన పనులు లేకుండా. ‘నే’ ఉంది. మూలమైన గ్రీకులో దానికి సరిపడే మాట లేదు. 1522లో మతసంస్కర్త లూథర్ తన జర్మన్ అనువాదంలో ‘అల్లైన్’ (మాత్రమే) చేర్చి మాటపడ్డాడు. మన తెలుగు అనువాదకులు ఒక్క అక్షరంతో కానిచ్చేశారు.

— కానిచ్చేశారు అనకండి మాస్టారూ. ‘లేకుండ’ అన్నాక తెలుగులో ‘నే’ దానంతటదే వచ్చి పడుతుంది. “డబ్బు తీసుకోకుండా అభిమానంతోనే చేశాడు” అనమూ? 1530లో లూథర్ ఇచ్చుకున్న జవాబూ ఇదే: ఒకటి కాదని ఇంకోటి చెప్పేటప్పుడు జర్మన్ నుడికారం ఆ మాట అడుగుతుందని.

— నేను ఒప్పుకోను. ఆ ‘నే’ నొక్కి చెప్పడానికి. మిగతావి కొట్టెయ్యాలంటే ‘మాత్రమే’ ఉందిగా! యాకోబు పత్రిక 2:24: “విశ్వాసమూలమున మాత్రముకాక క్రియల మూలమునను”. గ్రీకులో ‘మోనోన్’ (మాత్రమే) ఉంది కనకే అక్కడ ‘మాత్రము’ పడింది. కొత్త నిబంధనలో ‘విశ్వాసం’, ‘మాత్రమే’ అనే ఆ రెండు మాటలూ జతగా వచ్చేది ఆ ఒక్కచోటే, అదీ కాదనడానికి.

— మరి పౌలుదే గలతీ పత్రిక 2:16? “విశ్వాసమువలననేగాని”. కొట్టెయ్యడమే కదండీ.

— అక్కడ కొట్టేసేది ‘గాని’.

— మీరంతా ‘నే’ పట్టుకున్నారు గానీ, ఆగాల్సింది ‘క్రియలు’ దగ్గర. పౌలువి ధర్మశాస్త్ర క్రియలు. రెండు వచనాలు దాటగానే సున్నతి మాట ఎత్తుతాడు. యాకోబువి బట్టా తిండీ లేనివాడికి పెట్టడం. ఇద్దరికీ సాక్షి అబ్రాహామే, వచనమూ ఒకటే, ఆదికాండము 15:6: అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. యాకోబు అక్కడ ఆగకుండా ఇస్సాకును బలిపీఠం ఎక్కించినదాకా వెళ్తాడు.

— వేమనది దీనికి తిరగేసిన ప్రశ్న. “చిత్తశుద్ధి లేని శివపూజలేలరా”: క్రియ ఉంది, లోపల ఏమీ లేదు.

— అదే పద్యంలో ‘భాండశుద్ధి’ కూడా ఉంది. గిన్నె తోమడం క్రియే!

— వేమన దగ్గరికి వెళ్తే తిరిగి రాం. యాకోబు 2:14 చూడండి: “అట్టి విశ్వాసము అతనిని రక్షింపగలదా?” ‘అట్టి’ ఉన్నచోట గ్రీకులో ఉన్నది ఒక ఆర్టికల్ (ఇంగ్లీషు ‘the’ లాంటిది), అంతే. ‘నే’ అదనమంటే ‘అట్టి’ కూడా అదనమే.

— ‘అట్టి’ తీసేస్తే ఏ విశ్వాసమూ రక్షించదని అర్థం వస్తుంది. దాన్ని మాత్రం తియ్యనివ్వను.