తాత ఇత్తడి మరచెంబు గీస్తే మట్టి రంజనులా వస్తోంది, ఏం చెయ్యాలి?

చీపురుపల్లి చిన్నోడు:
అటక మీద సామాను దింపుతుంటే తాతగారి మరచెంబు, అడకత్తెర, బియ్యం కొలిచే మానిక, సోల, ఇంకా ఇనుప తాళంకప్ప ఒకటి దొరికాయి. అమ్మేమో పాత సామాన్లవాడికి వేసేద్దామంటోంది, పోయేలోపు బొమ్మలైనా గీసి ఉంచుకుందామని కూర్చున్నాను. అడకత్తెర బాగానే వచ్చింది. మరచెంబు దగ్గరే తిప్పలు. మూడు రోజులైంది, ఎంత షేడింగ్ చేసినా మెరుపు రావట్లేదు, మా చెల్లి చూసి "రంజను బాగుందన్నయ్యా" అంది. నా దగ్గర హెచ్‌బీ, 2బీ పెన్సిళ్ళు ఉన్నాయి, వేలితో రుద్ది కలుపుతున్నాను. చింతపండు పెట్టి తోమేసి గీస్తే నయమా?

రిటైర్డ్ డ్రాయింగ్ మేష్టారు:
బాబూ, ముందు ఆ వేలు తియ్యి. మట్టి మీద వెలుగు మెల్లగా నీడలోకి జారుతుంది. ఇత్తడికి అలా కాదు, నల్లటి పట్టీ పక్కనే తెల్లటి గీత ఉంటుంది, రుద్దితే ఆ రెండింటి మధ్య అంచు పోతుంది, ఇక మిగిలేది రంజనే. మెరుపు గీస్తే రాదు, అక్కడ కాగితాన్ని ముట్టకుండా వదిలెయ్యాలి. 2బీ నలుపు చాలదు. బీ ముందు అంకె పెరిగేకొద్దీ పెన్సిల్‌లో గ్రాఫైట్ ఎక్కువ, బంకమట్టి తక్కువ, కాబట్టి 6బీ ఒకటి కొనుక్కో. ఇంకోటి, మూతి, అడుగు ఒకే గుండ్రంగా గీసి ఉంటావు, అందరూ చేసే తప్పే. పైనుంచి చూస్తే మూతి సన్నగా, అడుగు ఇంకాస్త విచ్చుకుని కనబడాలి.

ఆమదాలవలస:
తోమొద్దు తోమొద్దు! మాది ఇత్తడి సామాను చేసే బూడితి దగ్గరే, ఇత్తడి చూస్తూ పెరిగినవాళ్ళం. చింతపండు పులుపుకి ఏళ్ళ తరబడి పట్టిన ఆ నల్లటి పొర కాస్తా పోతుంది, కొత్త చెంబుకీ దానికీ తేడా ఉండదు. చెయ్యి పడే చోట నున్నగా, గాడుల్లో నల్లగా, ఎక్కడో ఒక సొట్ట, గీయాల్సింది అవే కదండీ. మూత బిగించి గీస్తున్నారా? తీసి పక్కన పెట్టండి, మర కనబడకపోతే అది ఉత్త చెంబే. మర గీతలు అడ్డంగా కాదు, కాస్త ఏటవాలుగా వెయ్యాలి.

బొబ్బిలి నుంచి:
మానిక, సోల విడివిడిగా గీయకండి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, పక్కపక్కన పెడితేనే ఏది ఎంతో తెలుస్తుంది. నేను మా ఇంట్లో పాత వీణ గీశాను, పనస చెక్క చారలతో సహా, వారం పట్టింది. పక్కన ఏమీ పెట్టలేదు. చూసినవాళ్ళంతా గొల్లపల్లిలో బహుమతులకి చేసే చిన్న బొమ్మ వీణ అనుకున్నారు, ఒకాయన రేటెంత అని కూడా అడిగాడు.

చీపురుపల్లి చిన్నోడు:
6బీ మా ఊళ్ళో దొరక్క విజయనగరం వెళ్ళి తెచ్చాను మేష్టారూ. మూత తీసి పక్కన పెట్టి మళ్ళీ మొదటినుంచి గీశాను, మూతి ఇంకా కొంచెం వంకరే గానీ ఈసారి చెల్లి కూడా ఇత్తడేనని ఒప్పుకుంది. అమ్మ చూసి, తాత రైలెక్కితే ఇందులోనే నీళ్ళు పట్టుకెళ్ళేవాడని చాలాసేపు చెప్పింది. పాత సామాన్లవాడి మాట మళ్ళీ ఎత్తలేదు. మానికని మాత్రం కడిగి బియ్యం డబ్బాలో వేసేసుకుంది, ఇప్పుడు అది గీయాలంటే వంటయ్యేదాకా ఆగాలి.